ఉచితమూ – ప్రియమూ

"సార్! ఫ్రీగా ఉన్నారా?"

అధ్యాపకుల గది గుమ్మంలో నిలబడి విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో ఈ ప్రశ్న వింటే నాకు చిరుకోపం వచ్చేది. 'తీరికగా ఉన్నారా?' అని తెలుగు అధ్యాపకుణ్ణయినా తెలుగులో అడగకూడదా అనుకొనేవాణ్ణి. ఇప్పుడు ఆ కోపం రాదు. ఆ చిన్న ఆంగ్లపదం ఒకప్పుడు నా అజ్ఞానాన్ని నాకు చూపించింది. అందుకు మూల్యం చెల్లించినది మాత్రం ఒక రైతు కుటుంబం. నాటి నుండి ఆ మాట ఎక్కడ వినబడినా ఒక్క క్షణం ఆగి, అది అక్కడ ఏ అర్థంలో వాడబడిందో విచారించడం నాకు అలవాటయింది.

మనం ఒక్క రోజులో ఈ మాటను ఎన్ని విధాలుగా వాడుతున్నామో గమనించండి. ఉదయం కిరాణా కొట్టుకు వెళితే సబ్బుల పొట్లం మీద 'మూడు కొంటే ఒకటి ఫ్రీ' అని ఉంటుంది. బస్సెక్కితే 'ఈ సీటు ఫ్రీయేనా?' అని ఎవరో అడుగుతారు. కళాశాలకు చేరగానే 'మూడో పీరియడు ఫ్రీ' అన్న మాట విని విద్యార్థుల ముఖాలు వికసిస్తాయి. విరిగిన చేతికి కట్టు విప్పిన వైద్యుడు 'చెయ్యి ఫ్రీగా కదులుతోందా?' అంటాడు. కొలతలు తీసుకొంటూ దర్జీ 'కాస్త ఫ్రీగా కుట్టమంటారా?' అని అడుగుతాడు. ఉద్యోగపు ముఖాముఖికి బయలుదేరిన పిల్లవాడికి ఇంటిల్లిపాదీ 'భయపడకు, ఫ్రీగా మాట్లాడు' అని ధైర్యం చెబుతారు. మధుమేహం ఉన్న మిత్రుడు 'షుగర్ ఫ్రీ' బిస్కట్ల కోసం వెతుకుతాడు. సాయంత్రం మైదానంలో పిల్లలు 'ఫ్రీ హిట్' అని కేకలు పెడతారు.

వీటిని తెలుగులో చెప్పవలసి వస్తే వెల లేనిది, ఖాళీ, విరామం, సులువు, వదులు, నిస్సంకోచం, రహితం, నిర్భయం అని ఎనిమిది మాటలు కావాలి. ఒక్క విశేషణం ఈ ఎనిమిది పనులూ చేస్తున్నది. ఒక చోటి అర్థాన్ని తీసుకువెళ్ళి మరొక చోట పెడితే నవ్వులపాలవుతాము. సబ్బు పొట్లం మీది అర్థాన్ని బిస్కట్ల పొట్లానికి అన్వయిస్తే, ఆ బిస్కట్లు కొన్నవారికి చక్కెర ఊరికే ఇస్తారని చెప్పుకోవలసి వస్తుంది. మధుమేహ రోగికి అంతకంటే అపకారం వేరే ఉండదు కదా!

అనేకార్థాలున్న పదం ఎదురైనప్పుడు ఏ అర్థాన్ని గ్రహించాలన్న ప్రశ్న మన ప్రాచీనులకు కొత్తది కాదు. 'సైంధవం' అనే సంస్కృత పదం ఇందుకు శాస్త్రకారులు చూపిన ప్రసిద్ధమైన ఉదాహరణ. సింధుదేశంలో పుట్టినది సైంధవం. ఆ మాటకు ఉప్పు అనీ, గుర్రం అనీ రెండర్థాలు. భోజనానికి కూర్చున్న యజమాని సైంధవం తెమ్మంటే సేవకుడు ఉప్పు తేవాలి. ప్రయాణానికి సిద్ధమైన యజమాని అదే మాట అంటే గుర్రాన్ని తేవాలి. ఇలా అర్థాన్ని నిర్ణయించే సందర్భానికి 'ప్రకరణం' అని పేరు. భర్తృహరి తన 'వాక్యపదీయం'లో ప్రకరణంతో పాటు మరికొన్ని ఆధారాలను కూడా పేర్కొన్నాడు. వాటిలో సంయోగం ఒకటి. 'హరి' అనే పదానికి విష్ణువు, సింహం, కోతి మొదలైన అర్థాలెన్నో ఉన్నాయి. శంఖచక్రాలతో కూడిన హరి అనగానే తక్కిన అర్థాలన్నీ తొలగిపోయి విష్ణువొక్కడే నిలుస్తాడు. పక్కన ఏమున్నదో చూస్తే పదం తన అర్థాన్ని తానే చెబుతుందన్నమాట.

ఆంగ్లంలోని ఈ విశేషణానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. 'ఫ్రీ' తరువాత 'ఫ్రమ్' వస్తే విముక్తి. 'టు' వస్తే ఇష్టం వచ్చినట్లు చేసే స్వేచ్ఛ. 'ఫర్' వస్తే చాలా సందర్భాలలో తీరిక, లేదా వెల లేకపోవడం. 'విత్' వస్తే ధారాళం. డబ్బు విషయంలో ధారాళంగా ఉండేవాడినీ, అడగకుండానే సలహాలు గుప్పించేవాడినీ ఆంగ్లేయులు ఈ నాలుగో విధంగానే వర్ణిస్తారు.

మీ పాఠ్యపుస్తకాలలోనే మరి రెండు ఉదాహరణలు దొరుకుతాయి. భౌతికశాస్త్రంలో 'స్వేచ్ఛా పతనం' చదువుకొని ఉంటారు. ఎత్తు నుండి విడిచిన వస్తువు భూమి ఆకర్షణకు పూర్తిగా లోబడి పడిపోతూ ఉంటే దానికి స్వేచ్ఛ ఎక్కడిది? గాలి నిరోధం వంటి ఇతర బలాలేవీ దాని మీద పనిచేయవు కనుక, వాటి దృష్టితో దానిని స్వేచ్ఛ అన్నారు. ఇక రెండవది పౌరశాస్త్రంలోనిది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు 'ఉచిత నిర్బంధ విద్య' అందించాలని మన రాజ్యాంగం మొదట 45వ అధికరణంలో ఆదేశించింది. ఆంగ్ల ప్రతిలో 'నిర్బంధం'తో జంటగా ఉన్న విశేషణం ఈ ఫ్రీయే. దానిని స్వేచ్ఛ అని అనువదించి ఉంటే 'స్వేచ్ఛా నిర్బంధ విద్య' అయి ఉండేది! 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ మాటను పాఠకుల ఊహకు విడిచిపెట్టలేదు. ప్రాథమిక విద్య పూర్తి చేయడానికి అడ్డుపడే ఏ రుసుమూ, ఏ ఖర్చూ బాలబాలికల మీద పడకూడదని దాని అర్థాన్ని విప్పి చెప్పింది. చట్టం చేసేవారు పాటించిన ఆ జాగ్రత్త ఒకప్పుడు నాకు లేకపోయింది. ఇప్పుడు ఆ సంగతి చెబుతాను.

అది 1999వ సంవత్సరం. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలోని ఒక జూనియర్ కళాశాలలో నేను ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. ఒకవైపు పాఠాలు చెబుతూ, మరొకవైపు పింగళి సూరన 'రాఘవపాండవీయం' మీద పరిశోధన చేస్తున్నాను. అది పదహారవ శతాబ్దికి చెందిన ద్వ్యర్థి కావ్యం. ఒకే పద్యాన్ని ఒక విధంగా అన్వయిస్తే రామకథ, మరొక విధంగా అన్వయిస్తే భారతకథ. పదాలను ఎక్కడ విరవాలో, ఏ అర్థం ఎక్కడ పొసగుతుందో రాత్రులు మేలుకొని పరిశీలించేవాణ్ణి. మాటకున్న రెండర్థాలను పట్టుకోవడంలో నా అంతటివాడు ఆ చుట్టుపక్కల లేడని లోలోపల కొంత గర్వం కూడా ఉండేదని దాచకుండా చెప్పుకోవాలి.

ఒకనాటి మధ్యాహ్నం ఒక రైతు తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్లవాడు ఆ ఏడాది మా కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకొన్నాడు. వారి వంశంలో పదో తరగతి దాటినవాడు అతడే. రైతు చేతిలో చిన్న ముంత, అందులో గడ్డపెరుగు. మరొక చేతిలో మడతపెట్టిన కాగితం. ముంతను గడప పక్కన పెట్టి కాగితం నాకు అందించాడు.

"ఇందులో ఏముందో సదివి సెప్పండి అయ్యవారూ. మావోడికి సీటు వొచ్చిందంటన్నాడు" అన్నాడు.

కాగితం ఆంగ్లంలో ఉంది. ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో సీటు కేటాయించినట్లు తెలిపే పత్రమది. సీటు స్వభావం అన్న చోట 'ఫ్రీ' అని ఉంది. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

"వచ్చింది పెద్దాయనా! ఫ్రీ సీటు వచ్చింది" అన్నాను.

"ఫ్రీ అంటే ఊరికేనా అయ్యవారూ? మనం కట్టేదేం ఉండదా?"

"ఫ్రీ అంటే ఉచితమే కదా! ఏమీ ఉండదు. పిల్లవాడికి బట్టలూ, పుస్తకాలూ చూసుకోండి, చాలు."

ఆయన రెండు చేతులూ ఎత్తి నమస్కరించాడు. పిల్లవాడు ఏదో అడగబోయి, నా ముఖం చూసి ఊరుకున్నాడు. గురువు చెప్పిన తరువాత మళ్ళీ అడగడం మర్యాద కాదనుకొన్నాడేమో. కాగితం వెనుక పుటలో చిన్న అక్షరాలతో రుసుముల వివరాలు ఉన్నాయి. నేను పుట తిప్పలేదు.

ఆ రోజులలో 'ఫ్రీ సీటు' అన్న మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉండేది. వృత్తివిద్యా కళాశాలల రుసుముల విషయమై ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం ప్రైవేటు కళాశాలలలో సగం సీట్లు ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు. ప్రతిభను బట్టి వచ్చే ఫ్రీ సీటుకు ప్రభుత్వ కళాశాలలో ఉండే రుసుమే ఉంటుంది. పేమెంటు సీటుకు అంతకు ఎన్నోరెట్లు చెల్లించాలి. పేమెంటు సీటు పక్కన నిలబెట్టి చూసినప్పుడే అది ఫ్రీ. అంతేగాని చేతిలో పైసా లేకుండా వెళ్ళి కూర్చోగల సీటు కాదు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసు తీర్పుతో ఆ పద్ధతి తొలగిపోయింది. ఆ మాట కూడా క్రమంగా వాడుక నుండి తప్పుకొంది.

దసరా సెలవుల తరువాత ఆ రైతు మళ్ళీ వచ్చాడు. ఉపకార వేతనం కోసం దరఖాస్తు నింపించుకోవాలన్నాడు. గుమ్మంలో నిలబడి మొదట చెప్పిన మాట ఇది:

"ఈ తడవ పెరుగు తేలేదు అయ్యవారూ. బర్రెలు అమ్మేశాం."

ఎందుకని అడిగితే చెప్పడానికి సంకోచించాడు. నేను పట్టుబట్టిన మీదట ఒక్కొక్కటే బయటికి వచ్చింది. నా మాట నమ్మి, బస్సు ఖర్చులకు మాత్రమే డబ్బు పెట్టుకొని, రేకు పెట్టెతో తండ్రీ కొడుకులు కళాశాలకు వెళ్ళారు. అక్కడి గుమాస్తా రుసుము కట్టమన్నాడు. ఫ్రీ సీటు కదా అని ఈయన అంటే అక్కడున్నవారు నవ్వారట. రెండు రోజులలో కట్టకపోతే సీటు వేరొకరికి వెళుతుందని చెప్పారు. కొడుకును అక్కడే ఎవరి పంచనో ఉంచి, ఆయన రాత్రి బస్సుకు ఊరు చేరాడు. ఇంట్లో ఉన్నవి రెండు పాడిగేదెలు. వారపు సంతకు ఇంకా నాలుగు రోజులుంది. ఆగే వ్యవధి లేదు. అవసరం కనిపెట్టిన బేరగాడు ఇంటికే వచ్చి, తోచిన ధర కట్టి రెండింటినీ తోలుకుపోయాడు.

"ముందుగా తెలిసి ఉంటే?" అని అడిగాను.

"సంతకు తోలుకొని పొయ్యేవాణ్ణి. ఒక్క బర్రెతో గడిసిపోయేది" అన్నాడు ఆయన.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. లెక్క చెప్పినట్లుగా చెప్పాడు. నా అనువాదం ఖరీదు ఒక పాడిగేదె అని ఆ లెక్కలో తేలింది. లోపలికి వెళ్ళి నా దగ్గరున్న డబ్బు తెచ్చి ఇవ్వబోయాను. ఆయన పుచ్చుకోలేదు.

"మీరు కావాలని సెప్పారా ఏంది? ఫ్రీ అంటే ఊరికేననే గదా ఊళ్ళో అందరూ అనేది" అంటూ దరఖాస్తు కాగితం నా ముందు పెట్టాడు. "ఇది మటుకు రెండు పక్కలా సదివి సెప్పండి అయ్యవారూ" అన్నాడు.

విద్యార్థులారా! నా పరిశోధనకు తరువాత డాక్టరేటు వచ్చింది. సభలలో సన్మానాలూ జరిగాయి. కాని శ్లేషను గురించి నేను నేర్చుకొన్న అసలైన పాఠం ఆనాడు ఆ రైతు నోట విన్న మాటే. సూరన పద్యంలో రెండు కథలను చూడగలిగిన నాకు, మూడక్షరాలైనా లేని ఒక మాటలో రెండర్థాలు ఉండవచ్చునని తోచలేదు. తెలియని మాట ఎదురైతే నిఘంటువు చూస్తాము. తెలుసుననుకొన్న మాట దగ్గర ఆ జాగ్రత్త పడము. మోసపోయేది అక్కడే.

ఆ తరువాత చాలా కాలం ఆ మాట నన్ను వెంటాడింది. దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. అక్కడ నాకు కనిపించినది ఆశ్చర్యం కలిగించింది. సంస్కృతానికీ, గ్రీకు, లాటిన్ భాషలకూ దగ్గరి చుట్టరికం ఉన్నదని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభలో ప్రకటించాడు. తరువాత 1822లో యాకోబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడు ఈ భాషల ధ్వనుల మార్పులకు సూత్రాలు వివరించాడు. వాటిలో ఒకదాని ప్రకారం సంస్కృతంలో 'ప' ఉన్నచోట ఆంగ్లంలో 'ఫ' వస్తుంది. పితృ శబ్దానికి ఫాదర్, పాదానికి ఫుట్, పంచకు ఫైవ్ ఇలా ఏర్పడిన జంటలే. ఈ వరుసలోనే ఆంగ్లంలోని 'ఫ్రీ'కి తోబుట్టువైన సంస్కృత పదం ఏదో తెలుసా? 'ప్రియ' శబ్దం!

ఇష్టమైనవాడు, ఆత్మీయుడు అన్నదే ఆ మూలధాతువు అర్థం. ప్రాచీన జర్మానిక్ తెగలలో ఇంటి యజమానికి రక్తబంధువులైనవారు ప్రియమైనవారు. అదే ఇంట్లో పనిచేసే బానిసలు ఆ వర్గంలోకి రారు. అందువలన ప్రియమైనవాడంటే బానిస కానివాడు అన్న అర్థం క్రమంగా స్థిరపడిందని భాషావేత్తల వివరణ. లాటిన్ భాషలో కూడా స్వతంత్రులను సూచించే మాటనే సంతానానికి వాడారు. స్నేహితుణ్ణి సూచించే 'ఫ్రెండ్' కూడా ఈ 'ఫ్రీ' కుటుంబంలోనిదే. వెల లేనిది అన్న అర్థం చాలా ఆలస్యంగా, పదహారవ శతాబ్ది చివరి కాలంలో గాని ఆ మాటకు రాలేదు. ఖర్చు నుండి విముక్తమైనది అన్న భావంతో అది ఏర్పడింది.

ఇక మన వైపు చూడండి. 'ప్రియం' అన్న మాట తెలుగులోకి వచ్చి ఇష్టమన్న అర్థాన్ని నిలుపుకొంటూనే, ఖరీదైనది అన్న అర్థాన్నీ సంపాదించుకొంది. 'బియ్యం ప్రియమయ్యాయి' అంటాము. తెలంగాణ పలుకుబడిలో ఇదే 'పిరం' అయింది. ఇష్టమైన వస్తువును ఎవరూ తేలికగా వదులుకోరు కనుక దాని వెల పెరగడం సహజమే. ఒకే మూలం నుండి బయలుదేరిన రెండు మాటలలో ఒకటి పడమటి దేశాలలో 'వెల లేనిది' అయింది. మరొకటి మన దేశంలో 'వెల ఎక్కువైనది' అయింది. ఒకే తల్లి బిడ్డలు ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు వెళ్ళినట్లున్నది.

నేను ఆనాడు అనువాదంగా వాడిన 'ఉచితం' చరిత్ర కూడా ఇంతకంటే సూటిగా లేదు. సంస్కృతంలో ఉచితమంటే తగినది. పదకొండవ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమే అని చెప్పడానికి 'ఔచిత్య విచార చర్చ' రచించాడు. ఉచితానుచితాలు, సముచితం అన్న మాటలలో తెలుగువారు కూడా ఆ అర్థాన్ని నిలుపుకొన్నారు. అయినా ఒంటరిగా నిలబడిన 'ఉచితం' ఇప్పుడు మనకు వెల లేనిదిగానే తోస్తుంది. నేను ఆ రైతుకు ఉచితమని చెప్పడం ఎంతమాత్రం ఉచితం కాదని చెబితే, ఆ ఒక్క వాక్యంలోనే రెండర్థాలూ కనిపిస్తాయి.

మరొక మాట మిగిలి ఉంది. మనం 'ఫీజు' అనే దానికి మూలమైన ఆంగ్లపదంలో, పశువులనూ సంపదనూ సూచించే ఒక ప్రాచీన జర్మానిక్ పదం దాగి ఉందని పండితులు భావిస్తారు. ఆ ప్రాచీన పదానికి సోదరమైన సంస్కృత శబ్దం 'పశు'. ధనమంటే పశుధనమే అయిన కాలపు జ్ఞాపకమది. ఈ సంగతి గ్రంథంలో చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రైతు ఫీజు కట్టడానికి తోలి ఇచ్చినవి నిజంగా పశువులే.

ఈ పదచరిత్ర వలన నాకొక ప్రశ్న దొరికింది. 'ఫ్రీ' అన్న మాట కనబడగానే 'దేని నుండి? ఎవరికి?' అని అడగాలి. ఈ ప్రశ్న పండితులకు మాత్రమే కావలసినది కాదు. ఉదాహరణకు, మన సమాజంలో ఒకప్పుడు సాగిన వెట్టిచాకిరిని తీసుకోండి. సంస్కృతంలోని 'విష్టి' శబ్దమే తెలుగులో 'వెట్టి' అయింది. కూలి ఇవ్వకుండా చేయించుకొనే పని అది. పని చేయించుకొనే దొరకు ఆ పని ఫ్రీ. పని చేసేవాడు మాత్రం ఫ్రీ కాడు. రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కూడా వచ్చింది. ఒకరికి ఊరికే దక్కుతున్నదంటే, ఆ భారాన్ని ఎవరు మోస్తున్నారో చూడవలసిన బాధ్యత మనకుంది.

దీనికి సంతోషకరమైన ఉదాహరణ కూడా ఉంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం 'పోలియో ఫ్రీ' అయినట్లు ధ్రువీకరించింది. వ్యాధి నుండి విముక్తి అన్న అర్థంలో ఈ విశేషణం అంత గౌరవంగా నిలిచిన సందర్భాలు తక్కువ. పిల్లలకు ఆ చుక్కలు ఉచితంగానే వేశారు. ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తల శ్రమ, ప్రజాధనం వాటి వెనుక ఉన్నాయి.

మీ చేతిలోని ఫోనును చూడండి. అందులోని ఎన్నో సాధనాలు ఫ్రీ అని ఉంటాయి. రూపాయి తీసుకోని మాట నిజమే. చాలా వాటిలో మనం ఏమి చూస్తున్నామో, ఎక్కడ తిరుగుతున్నామో అన్న సమాచారమే వెలగా చెల్లుతూ ఉంటుంది. ఈ చిక్కును గుర్తించినవారిలో రిచర్డ్ స్టాల్‌మన్ ఒకరు. 1983లో ఆయన 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' ఉద్యమం ప్రారంభించినప్పుడు, తాను చెబుతున్నది వెలను గురించి కాదనీ, వాడుకరి స్వేచ్ఛను గురించి అనీ పదే పదే వివరించవలసి వచ్చింది. ఆయన భాషలో రెండింటికీ ఒకటే మాట. మనకు స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. ఆ భేదాన్ని చెప్పగల మాటలు మన దగ్గర ఉన్నప్పుడు వాటిని విడిచి, అన్ని చోట్లా 'ఫ్రీ' అనే వాడుకొంటే నష్టపోయేది మన ఆలోచనే.

పరభాషాపదాలను వాడవద్దని నేను అనను. ఇంటికి వచ్చిన అతిథి వంటివి అవి. అతిథిని ఆదరించేటప్పుడు ఊరూ పేరూ కనుక్కోవడం మన సంప్రదాయమే కదా! ఒక మాటను వాడే ముందు, ముఖ్యంగా దానిని మరొకరికి విప్పి చెప్పే ముందు, దాని ఊరూ పేరూ కనుక్కోండి. రేపు మీరు చదువుకొని ఉద్యోగస్థులవుతారు. చదువు రాని పెద్దలు కాగితాలు పట్టుకొని మీ దగ్గరికి వస్తారు. మీరు చెప్పిన మాట మీద వారు ఇల్లూ పొలమూ పెడతారు. ఆనాడు మీరు పలికే ప్రతి మాటకూ వెల ఉంటుంది. దానిని చెల్లించేది వారు.

పోయిన వేసవిలో ఒక ఉదయం మా ఇంటి గుమ్మంలో ఎవరో నిలబడి "సార్! ఫ్రీగా ఉన్నారా?" అన్నారు. చూస్తే ఆనాటి విద్యార్థి. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేస్తున్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

"తీరికగానే ఉన్నాను, రా నాయనా" అన్నాను.

చేతిలోని స్టీలు డబ్బాను బల్ల మీద పెట్టాడు. "నాన్న పంపించారు సార్, పెరుగు" అన్నాడు. తండ్రికి ఎనభై దాటాయట. వద్దన్నా వినకుండా ఒక గేదెను ఇప్పటికీ మేపుతున్నాడట. తరువాత సంచిలో నుండి ఒక కరపత్రం తీశాడు. అతని కుమార్తె ఆ ఏడాది పదో తరగతి పూర్తిచేసింది. ఇంటర్మీడియట్‌కు ఏదో కళాశాలవారు ఇచ్చిన కాగితమది. ముందు పుటలో పెద్ద పెద్ద రంగుల అక్షరాలతో 'ఫ్రీ కోచింగ్' అని ఉంది.

"నేను చదివాను సార్. అయినా మీకొకసారి చూపించమని నాన్న పంపించారు" అన్నాడు నవ్వుతూ.

కళ్ళజోడు పెట్టుకొన్నాను. ముందు పుట చదివాను. పుట తిప్పాను.